ఖ్వాజా మహమూదు గవాను

కొండపల్లి దుర్గము మన తిరువూరునకు దక్షిణమున నున్నది. దానిం జూడబోవువారు రెడ్డిరాజులను, గజపతులను, కృష్ణదేవరాయలను తలంతురు గాని, 1481వ సంవత్సరమున నచ్చటి సుల్తాను శిబిరమున నిరపరాధియగు నొక మహామంత్రి వధింపబడెనని స్మరించువా రరుదు. అతని చరిత్రమును మే మిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మహమూదు గవాను 1411 ప్రాంతమున పారసీకదేశమందలి గీలాను మండలమున నున్నతవంశమునం బుట్టెను. స్వదేశమందలి రాజకీయవైరములచే నిల్లువిడిచి, వర్తకుడై పలుదేశములు తిరిగి, 1453లో దాభోలు రేవున దిగి బీదరు చేరెను. బహమనీ సుల్తానగు రెండవ అహమ్మదుషా యాతని బుద్ధికుశలతకు మెచ్చి కొలువున నుంచుకొనెను. హుమాయూనుషా మంత్రిపదవి నొసగెను. బాలుడగు నిజాముషా కాలమున నాతడు రాజమాతతోఁ గూడి రాజ్యభారము వహించి, మాళవ సుల్తాను దండెత్తిరాగా గుజరాతు సుల్తాను సాయమున దేశమును నిలిపెను. 1466 మొదలు మూడవ మహమ్మదుషాకు ప్రధానియై, 1472లో గోవాను జయించెను.

ఇట్టి విజయములు పెక్కుమందికిఁ గలవు. ఆతని నిజమైన కీర్తికి మూలము పరిపాలనా సంస్కరణములు. అంతకుముందు రాజ్యమంతయు నాలుగు తరఫులుగా నుండి, ఒక్కొక్క తరఫుదారుఁడు చిన్నరాజువలె మెలఁగుచుండెను. గవాను వానిని ఎనిమిదిగా విభజించెను. మన తెలుగుదేశపు తరఫు వరంగల్లు, రాజమహేంద్రవరము అను రెండుగా నయ్యెను. తరఫుదారున కొక్క కోటమాత్రము విడిచి, తక్కినవానికి సుల్తానే దుర్గాధిపతుల నియమించునట్లు చేసెను. భూములు కొలిపించి శిస్తు నిర్ణయించెను. లేని భటులపేర జీతములు గైకొను సరదారులనుండి యా సొమ్ము మరల రాబట్టెను. బీదరునందు గొప్ప విద్యాలయమును గట్టించి, గ్రంథములను సమకూర్చి, పండితులను పోషించెను. ఔరంగజేబు కాలమున మందుగుండు ప్రేలి దానిలో కొంత కూలినను, తక్కినది నేఁటికిని నిలిచియున్నది. ఇంతటి యధికారి చాపపైఁ బరుండి, మంటిపాత్రల వండిన యన్నము భుజించెడివాఁడని చరిత్రకారులు చెప్పుదురు.

సంస్కరణముచే లాభము నష్టపోయినవారు సంస్కర్తను మన్నింపరు. దక్కనీ సరదారులలో ముఖ్యుఁడగు మలిక్ హసను మున్నగువారు గవాను ముద్రాధికారికి లంచమిచ్చి, వట్టికాగితముపై ముద్ర వేయించి, గజపతిని దండెత్తిరమ్మని మంత్రియే పిలిచినట్లు దానిపై లేఖ కల్పించిరి. సుల్తాను మద్యపానమత్తుఁడై యుండఁగా దానిం జూపిరి. మిత్రులు పొమ్మని వారించినను గవాను పిలుపు నందుకొని సన్నిధికిఁ బోయెను. ముద్ర తనదే, వ్రాఁత తనది కాదనెను. ముద్ర వేసినవాని నడుగుటగాని, లేఖ తెచ్చినవాని విచారించుటగాని జరుగలేదు. ఏప్రిలు 5వ తేదీని, డెబ్బదియేండ్ల ప్రాయమున, ఆ వృద్ధుఁడు ఖడ్గమునకు బలియయ్యెను. పిమ్మట బొక్కసము వెదకఁగా నందు ధనమంతగా లేకుండెను. సుల్తాను పశ్చాత్తాపమునఁ గుమిలి 1482లో మరణించెను. కొలఁది కాలములోనే రాజ్యము చీలి, తుదకు ఐదు రాజ్యములయ్యెను.

పాఠకమహాశయులారా, గవాను కోటలకును శిస్తులకును కట్టుబాటు లేర్పఱచెను గాని, రాజు కోపమునకుఁ గట్టుబాటు నేర్పఱుపఁ జాలఁడయ్యె. ఆ కాలమున నది యెవ్వరికిని సాధ్యముగాదు. ఒక్కని యనుగ్రహముపై నిలిచిన సంస్కరణము ఆతని యాగ్రహముతోడనే కూలును. అపరాధియని యెన్నఁబడిన వానికిఁగూడ తన మాట వినిపించుకొను హక్కుండవలెనని న్యాయస్థానములలో మేము ప్రతిదినమును వాదించునది యిందులకే. కొండపల్లి నెక్కువారు రాజుల జయములతోపాటు విచారణలేని యీ తీర్పునుఁగూడ జ్ఞప్తియం దుంచుకొందురుగాక.