ఘంటసాల: ఆయన వెళ్ళాక వచ్చిన రికార్డు

పిల్లలూ, మీకు ఒక పాట వినాలనిపిస్తే ఏం చేస్తారు? ఫోన్ తీసి వెతుకుతారు, అంతే కదా! పాట కోసం నెలల తరబడి ఎదురుచూడడం అంటే మీకు వింతగా ఉండొచ్చు. కానీ అలా ఎదురుచూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. జిమి హెండ్రిక్స్ అని అమెరికాలో గొప్ప రాక్ గిటారిస్టు ఉండేవాడు. 1970లో, 27 ఏళ్ళకే చనిపోయాడు. ఆయన ఉన్నప్పుడు బయటికి రాని రికార్డింగులను తర్వాత వెతికి తీశారు. అలాంటి పాత రికార్డింగులన్నీ కలిపి ఒక పెట్టెలో పెట్టి అమ్మితే దాన్ని బాక్స్ సెట్ అంటారు. అది వస్తోందంటే అభిమానులు రోజులు లెక్కపెట్టుకుంటారు. మనిషి లేడు, అయినా ఆయన దగ్గర్నుంచి ఇంకో పాట రాబోతోంది. ఆ ఆశ అలాంటిది.

మన తెలుగువాళ్ళకి కూడా అలాంటి రికార్డు ఒకటి ఉంది. పాడినాయన చనిపోయాక అది బయటికి వచ్చింది. ఆయన పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు. ఘంటసాల అనేది ఇంటిపేరు. కానీ అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆయన 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరున్న చౌటపల్లి అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి సూరయ్యగారు మృదంగం వాయించేవారు, భజనల్లో తరంగాలు పాడేవారు. తరంగాలు అంటే నారాయణ తీర్థులు అనే కవి కృష్ణుడి మీద రాసిన పాటలు. తండ్రి పాడుతుంటే చిన్న వెంకటేశ్వరరావు నాట్యం చేసేవాడు. చూసినవాళ్ళు ముచ్చటపడి బాల భరతుడు అనేవారు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. ఇంకా చిన్నపిల్లాడిగా ఉండగానే తండ్రి చనిపోయారు. కొడుకు సంగీతం బాగా నేర్చుకోవాలన్నది ఆయన చివరి కోరిక. ఇంట్లో డబ్బు లేదు. నేర్పేవాళ్ళు దగ్గర్లో లేరు. అయినా ఆ మాట పిల్లవాడి మనసులోంచి పోలేదు.

కొంచెం పెద్దయ్యాక ఆయన తన వేలి ఉంగరం అమ్ముకుని, ఆ డబ్బుతో విజయనగరం వెళ్ళారు. అక్కడ మహారాజావారి సంగీత కళాశాల ఉంది. పట్రాయని సీతారామశాస్త్రిగారు అనే గురువు ఆయన్ని చేరదీసి, డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. మరి తిండి? గురువుగారిది కూడా కలిగిన ఇల్లు కాదు. అందుకని ఘంటసాల భుజాన జోలె వేసుకుని మధుకరం చేశారు. మధుకరం అంటే తేనెటీగ. తేనెటీగ ఒక్కో పువ్వు దగ్గర కొంచెం కొంచెం తేనె తీసుకుంటుంది కదా? అలాగే చదువుకునే పిల్లలు ఇంటింటికీ వెళ్ళి ఒక్కో ముద్ద అన్నం అడిగి తెచ్చుకునేవారు. అడగడం తేలికేమీ కాదు. కొన్ని తలుపులు తెరుచుకోవు. అయినా ఆయన చదువు మానలేదు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు మన దేశం వదిలి వెళ్ళాలని జనం వీధుల్లోకి వచ్చారు. ఘంటసాల కూడా ఊరూరా తిరిగి దేశభక్తి పాటలు పాడారు. ప్రభుత్వం ఆయన్ని పట్టుకుని, బళ్ళారి దగ్గరున్న అలీపురం జైల్లో పెట్టింది. బయటికి వచ్చాక, 1944లో, సావిత్రిగారితో పెళ్ళయింది. ఆ పెళ్ళిలో పాటకచేరీ చేసింది ఎవరో తెలుసా? పెళ్ళికొడుకే!

తర్వాత సినిమాల్లో పాడాలని మద్రాసు వెళ్ళారు. ఇప్పుడు ఆ ఊరిని చెన్నై అంటున్నాం. అప్పట్లో తెలుగు సినిమాలు ఎక్కువగా అక్కడే తీసేవారు. సముద్రాల రాఘవాచార్యులు అనే రచయిత ఆయనకి అండగా నిలబడ్డారు. మొదట బృందగానాల్లో, అంటే నలుగురితో కలిసి పాడే పాటల్లో, గొంతు కలిపారు. చిన్న వేషాలు కూడా వేశారు. నెమ్మదిగా ఆ గొంతు జనానికి తెలిసింది. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమాకి ఆయనే సంగీతం కట్టారు. 1957లో మాయాబజార్ వచ్చింది. ఎన్.టి. రామారావుకీ ఆయనే పాడేవారు, అక్కినేని నాగేశ్వరరావుకీ ఆయనే పాడేవారు. కళ్ళు మూసుకుని విన్నా, పాడుతున్నది ఏ హీరో కోసమో తెలిసిపోయేది. ఆయన పక్కన ఏళ్ళ తరబడి హార్మోనియం వాయించినవారు సంగీతరావుగారు. ఈయన ఎవరో కాదు, విజయనగరంలో పాఠం చెప్పిన ఆ గురువుగారి అబ్బాయే!

ఆ రోజుల్లో రికార్డు అంటే ఏమిటో చూడండి. అది పళ్ళెంలా గుండ్రంగా, నల్లగా ఉండేది. లక్కతో చేసేవారు. నిమిషానికి 78 సార్లు తిరిగేది. ఒక వైపు మూడు నిమిషాల పాటే పట్టేది. చెయ్యి జారితే పగిలిపోయేది. తర్వాత ఎల్పీ వచ్చింది. అది నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి, ఒక వైపు ఇరవై నిమిషాల దాకా పడుతుంది. దానివల్ల పెద్ద పెద్ద రచనలు పాడడం కుదిరింది.

1970లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 1971లో యూరప్, అమెరికా వెళ్ళి, మీలాగే దూరదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్ళకి పాడి వినిపించారు. కానీ ఆరోగ్యం బాగుండేది కాదు. చక్కెర జబ్బు ఉంది. 1972లో గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. అప్పుడు ఆయన మనసులో ఒక కోరిక గట్టిపడింది: భగవద్గీత పాడాలి. గీత అంటే, యుద్ధం ముందు దిగులుపడి కూర్చున్న అర్జునుడికి కృష్ణుడు చెప్పిన మాటలు. అందులో 700 శ్లోకాలు ఉన్నాయి. వాటిల్లోంచి కొన్ని ఎంచుకున్నారు. శ్లోకం సంస్కృతంలో పాడి, వెంటనే దాని అర్థం తెలుగులో చెప్పారు. సంస్కృతం రానివాళ్ళకి కూడా అర్థం కావాలి కదా!

పాడడం పూర్తయింది. హెచ్.ఎం.వి. కంపెనీ ఎల్పీ తయారుచేస్తోంది. అది బయటికి రాకముందే, 1974 ఫిబ్రవరి 11న, ఘంటసాల మద్రాసులో కన్నుమూశారు. ఆయనకి 51 ఏళ్ళు. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో సొంత మనిషి పోయినట్టు ఏడ్చారు. తర్వాత ఆ ఏడాదే రికార్డు వచ్చింది. ఒక్కసారి ఊహించుకోండి. మనిషి లేడని అందరికీ తెలుసు. ముల్లు రికార్డు మీద పెట్టగానే, అదే గొంతు, దిగులుపడకు అని అర్జునుడికి చెబుతున్నట్టు వినిపించింది. విన్నవాళ్ళకి అది తమకే చెబుతున్నట్టు అనిపించి ఉంటుంది.

ఇప్పటికీ మన ఊళ్ళల్లో తెల్లవారుజామున గుడి మైకులో ఆ గీత వినిపిస్తుంది. ఎవరైనా చనిపోయిన ఇంట్లో కూడా పెడతారు. అందుకే అది వినగానే ఎవరు పోయారో అని కొందరు కంగారుపడతారు. కానీ అది చావు పాట కాదు. దిగులుగా కూర్చున్నవాడిని లేచి నిలబడమనే పాట. దాన్ని పాడినాయన జోలె పట్టి అన్నం అడిగిన పిల్లవాడు, జైలుకి వెళ్ళిన కుర్రవాడు, జబ్బుతో ఉండి కూడా పని పూర్తిచేసిన మనిషి. తండ్రి కోరిక ఆయన ఎంత దూరం మోసుకెళ్ళారో చూశారా?

ఈ సంగతి అబ్బాసియాలో ఉన్న మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. మీ తాతల కాలంలో కువైట్‌కి పనికి వచ్చినవాళ్ళు సెలవులకి వెళ్తూ టేప్‌రికార్డర్లు తీసుకెళ్ళేవారు. ఫోన్ చేయడం ఖరీదైన రోజులవి. కొందరు ఉత్తరం బదులు తమ మాటలే క్యాసెట్‌లో రికార్డు చేసి ఇంటికి పంపేవారు. క్యాసెట్ వచ్చేదాకా ఇంట్లోవాళ్ళు ఎదురుచూసేవారు. మనిషి ఎక్కడో ఎడారి దేశంలో, గొంతు మాత్రం మన వరండాలో! మనిషి దూరంగా ఉన్నప్పుడు గొంతు ఎంత విలువైనదో ఆ ఇళ్ళల్లో అందరికీ తెలుసు.

ఇప్పుడు మీరు చేయండి

1. ఘంటసాల విజయనగరం వెళ్ళడానికి ఏం అమ్ముకున్నారు?
2. మధుకరం అనే మాటని తేనెటీగతో ఎందుకు పోల్చారు? మీ సొంత మాటల్లో రాయండి.
3. భగవద్గీత రికార్డు రాకముందే ఏం జరిగింది?
4. ఈ వారం ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో ఫోన్ చేయండి. వాళ్ళకి ఇష్టమైన ఘంటసాల పాట ఏదో అడగండి. రెండు ముక్కలు పాడమనండి. వాళ్ళు ఒప్పుకుంటే రికార్డు చేసి, పేరు, తేదీ రాసి దాచుకోండి.