టంగుటూరి ప్రకాశం

టంగుటూరి ప్రకాశం పంతులు (ఆగష్టు 23, 1872 – మే 20, 1957) సుప్రసిద్ధ స్వాతంత్ర్య సమర యోధుడు, న్యాయవాది, పత్రికా సంపాదకుడు, మద్రాసు రాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి, కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. ఆంధ్రకేసరిగా తెలుగువారి మన్ననలందుకున్నాడు. కర్నూలులో పదమూడు నెలల పాటు సాగిన ఇతని ప్రభుత్వం కల్లు, సారా నిషేధంపై చెలరేగిన వివాదంలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. పేరు సైమన్ కమిషన్ నాటి ధైర్యం వలన వచ్చినా, పాలకుడిగా ఇతనికి ఎదురైన అతి కఠినమైన పరీక్ష ఈ మద్యనిషేధ సమస్యే.

బాల్యం, విద్యాభ్యాసం

ప్రకాశం నేటి ప్రకాశం జిల్లాలోని వినోదరాయునిపాలెంలో సుబ్బమ్మ, గోపాలకృష్ణయ్య దంపతులకు జన్మించాడు. పదకొండేళ్ళ వయసులో తండ్రి మరణించడంతో కుటుంబం పేదరికంలో పడింది. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పోషించింది. ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఈ కుర్రవాడి చురుకుదనాన్ని గుర్తించి చేరదీసాడు, తనతోపాటు రాజమండ్రికి తీసుకువెళ్ళి చదివించాడు. నాయుడు నాటకాభిమాని కావడంతో ప్రకాశం కూడా వేషాలు కట్టి మంచి నటుడనిపించుకున్నాడు.

న్యాయశాస్త్రం చదివి ద్వితీయ శ్రేణి ప్లీడరుగా రాజమండ్రిలో వృత్తిని ప్రారంభించాడు. చిన్న వయసులోనే ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. పెద్ద న్యాయస్థానాలలో వాదించాలంటే బారిష్టరు కావలసి ఉండేది. అందుకని 1904లో ఇంగ్లండుకు బయలుదేరాడు. మాంసం ముట్టననీ, పొగ త్రాగననీ తల్లికి మాట ఇచ్చి ఓడ ఎక్కాడు. లండనులో దాదాభాయి నౌరోజీ ఎన్నికల ప్రచారంలో కూడా పాల్గొన్నాడు. 1907లో తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో వాదించి విశేషంగా ధనం ఆర్జించాడు.

స్వాతంత్ర్యోద్యమం

1921లో మహాత్మా గాంధీ పిలుపునందుకొని ప్రకాశం వృత్తిని విడిచిపెట్టాడు. అదే సంవత్సరం స్వరాజ్య పత్రికను స్థాపించాడు. ఆర్జించిన ధనమంతా క్రమంగా ఈ పత్రికకే ఖర్చయింది. సహాయ నిరాకరణోద్యమంలో విదేశీ వస్త్ర బహిష్కరణతో పాటు కల్లు, సారా దుకాణాల పికెటింగు ఒక ముఖ్యమైన అంశం. వేలంపాటలు సాగకుండా అడ్డుకోవడం, దుకాణాల ముందు నిలబడి త్రాగవద్దని వేడుకోవడం నాటి కార్యకర్తల నిత్యకృత్యం. తెలుగు జిల్లాలలో కాంగ్రెసువారికి మద్యనిషేధం ఒక వ్రతంగా మారింది ఈ రోజులలోనే.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో జరిగిన ప్రదర్శనలో పోలీసుల తుపాకికి ఎదురు నిలిచి రొమ్ము చూపాడు. ఆంధ్రకేసరి అనే బిరుదు ఈ సంఘటనతోనే స్థిరపడింది. ఉప్పు సత్యాగ్రహం, వ్యక్తి సత్యాగ్రహం, క్విట్ ఇండియా ఉద్యమాలలో జైలు శిక్షలు అనుభవించాడు.

నాటి అబ్కారీ విధానం

ప్రకాశం పాలనను అర్థం చేసుకోవాలంటే నాటి కల్లు, సారా వ్యాపారం ఎలా సాగేదో కొంత తెలుసుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వానికి భూమిశిస్తు తరువాత పెద్ద ఆదాయం అబ్కారీ ద్వారానే వచ్చేది. కల్లు గీసే ప్రతి చెట్టుకూ పన్ను కట్టాలి. దుకాణాలను ఏటేటా వేలం వేసేవారు. సారాను గుర్తింపు పొందిన బట్టీలలో తయారు చేయించి, సుంకం విధించి దుకాణాలకు పంపేవారు. త్రాగేవాడు చెల్లించే డబ్బులో కొంత పాటదారుకూ, కొంత ప్రభుత్వానికీ చేరేది. చెట్టెక్కి ప్రాణాలకు తెగించి గీసేవాడికి మిగిలేది స్వల్పం.

కోస్తాలో తాటిచెట్లు ఎక్కువ. కడప, కర్నూలు ప్రాంతాలలో వంకల వెంబడి, చెరువు గట్ల కింద పెరిగే ఈతచెట్లు కల్లుకు ప్రధాన ఆధారం. చెట్టునుండి దిగిన తీయని నీరు కొద్ది గంటలలోనే తనంతట తానే పులిసి కల్లు అవుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియక నీరాగా నిలుస్తుంది, దానిని కాచి బెల్లం చేయవచ్చు. కల్లు మాన్పించి గీతవాండ్రను నీరా, బెల్లం తయారీకి మళ్ళించవచ్చునన్న ఆశ మద్యనిషేధవాదులకు ఇక్కడినుండే కలిగింది. అయితే బెల్లం మీద వచ్చే రాబడి కల్లుకు సాటి రాదు. రాయలసీమలో ఈడిగలు, కోస్తాలో శెట్టిబలిజ, యాత, గౌడ తదితర కులాలవారు తరతరాలుగా ఈ వృత్తిపైనే ఆధారపడి ఉండేవారు.

కడప జిల్లాలో తొలి మద్యనిషేధం

1937లో చక్రవర్తి రాజగోపాలాచారి నాయకత్వాన ఏర్పడిన మద్రాసు మంత్రివర్గంలో ప్రకాశం రెవెన్యూ మంత్రి. జమీందారీ వ్యవస్థపై విచారణ జరిపిన సంఘానికి ఇతడే అధ్యక్షుడు. ఆ మంత్రివర్గం మద్యనిషేధ చట్టాన్ని చేసి, 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో అమలు ప్రారంభించింది. సరిగ్గా సంవత్సరానికి చిత్తూరు, కడప జిల్లాలకూ, ఆ తరువాతి సంవత్సరం ఉత్తర ఆర్కాటు జిల్లాకూ విస్తరించింది. ఈ విధంగా తెలుగు జిల్లాలలో మద్యనిషేధాన్ని మొట్టమొదట చవిచూసినవి రాయలసీమ జిల్లాలే. కోల్పోయిన అబ్కారీ ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను ప్రవేశపెట్టారు. మద్యనిషేధం ఆ తరువాత కాలంలో రద్దయినా, ఆ పన్ను మాత్రం నిలిచిపోయింది.

1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. యుద్ధకాలంలో గవర్నరు పాలనలో నిషేధం నిలిచిపోయింది. 1946 ఏప్రిల్ 30న ప్రకాశం మద్రాసు ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ ఏడే మద్యనిషేధాన్ని దశలవారీగా మళ్ళీ మొదలుపెట్టాడు. స్వపక్షంలోని విభేదాల వలన 1947 మార్చిలో పదవి కోల్పోయాడు. తరువాత వచ్చిన ఓమందూరు రామస్వామి రెడ్డియారు ప్రభుత్వం 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతటా నిషేధాన్ని పూర్తి చేసింది.

కర్నూలు రాజధాని

ప్రకాశం 1951లో కాంగ్రెసును వీడి ప్రజా పార్టీలో ఉన్నాడు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ చేసిన తరువాత కేంద్ర ప్రభుత్వం ఆంధ్ర రాష్ట్రానికి అంగీకరించింది. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికను అనుసరించి రాయలసీమకు రాజధాని దక్కింది. కొత్త రాష్ట్రం 1953 అక్టోబరు 1న కర్నూలులో జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా ప్రారంభమైంది. 81 ఏళ్ళ వయసులో ప్రకాశం కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యాడు. నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. కడప కోటిరెడ్డి, కర్నూలు జిల్లావాడైన దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో ఉన్నారు.

తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్టణంలో సచివాలయానికి తగిన భవనాలు లేవు. అనేక కార్యాలయాలు, ఉద్యోగుల నివాసాలు గుడారాలలోనే నడిచాయి. అంతకు కొద్ది కాలం ముందే రాయలసీమ కరువుతో అల్లాడి, గంజి కేంద్రాలపై ఆధారపడింది. ఖజానా బలహీనంగా ఉంది, మద్రాసు నగరపు ఆదాయం చేజారింది. అయినప్పటికీ ఈ ప్రభుత్వం 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది. విజయవాడ వద్ద కృష్ణానదిపై బ్యారేజికి శంకుస్థాపన కూడా అదే సంవత్సరం జరిగింది.

మద్యనిషేధం, ప్రభుత్వ పతనం

మద్రాసు చట్టం కొత్త రాష్ట్రానికి వారసత్వంగా వచ్చింది. చట్టం పుస్తకాలలో ఉన్నా, బెల్లం ఊటకు తుమ్మచెక్క చేర్చి కాచే నాటుసారా గ్రామాలలో వ్యాపించింది. అబ్కారీ ఆదాయం పోయింది, పైగా నిషేధం అమలుకయ్యే పోలీసు ఖర్చు మీద పడింది. వృత్తి కోల్పోయిన గీత కార్మికులు దొంగచాటుగా గీసి కేసులలో చిక్కుకోసాగారు. వారి పక్షాన గౌతు లచ్చన్న గీత సత్యాగ్రహాన్ని నడిపాడు.

ప్రభుత్వం ఈ సమస్యను పరిశీలించడానికి ఎస్.వి.రామమూర్తి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. మద్యనిషేధం ఆశించిన ఫలితాన్ని ఇవ్వలేదని తేల్చి, దానిని ఎత్తివేయవలసిందిగా ఆ సంఘం సిఫారసు చేసింది. తాను వేసిన సంఘమే ఇచ్చిన ఈ నివేదికతో ప్రకాశం ఇరకాటంలో పడ్డాడు. అంగీకరిస్తే ఖజానాకు ఊరట, గీత కార్మికులకు బ్రతుకుతెరువు. కానీ మద్యనిషేధం కాంగ్రెసుకు గాంధీ అప్పగించిన కార్యక్రమం, రాజ్యాంగం 47వ అధికరణంలో చేరిన ఆదేశం. ప్రకాశం స్వయంగా మూడు దశాబ్దాలు ఆ ఉద్యమంతో నడిచినవాడు. ప్రభుత్వం సిఫారసును అమలు చేయలేదు.

శాసనసభలో కమ్యూనిస్టులతో పాటు ఇతర ప్రతిపక్షాలు ఈ అంశంపై ఒక్కటయ్యాయి. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు ఆధిక్యతతో నెగ్గింది. నవంబరు 15న రాష్ట్రపతి పాలన విధించారు. ఆంధ్ర రాష్ట్రపు మొదటి ప్రభుత్వం ఆ విధంగా ముగిసింది.

ఈ పతనానికి మద్యనిషేధం ఒక్కటే కారణమనడం పూర్తిగా సరికాదు. సభలో ప్రభుత్వానికి మొదటినుండీ గట్టి ఆధిక్యత లేదు. రాజధాని విషయంలో కోస్తావారికి అసంతృప్తి ఉంది. కానీ చెదిరిన ప్రతిపక్షాలను ఒకచోటికి చేర్చింది గీత కార్మికుల సమస్యే. త్రాగుడు వలన చెడిన కుటుంబాలను కాపాడాలన్న ఆశయమూ, నిషేధం వలన చెడిన కుటుంబాలను ఆదుకోవాలన్న కోరికా ఎదురెదురుగా నిలిచాయి. రెండింటిలోనూ న్యాయం ఉండడం వలననే ఈ సమస్య అంత జటిలమైంది.

చివరి రోజులు

1955 ఎన్నికలలో కాంగ్రెసు, కృషికార్ లోక్, ప్రజా పార్టీలు కలిసి పోటీ చేసి ఘనవిజయం సాధించాయి. 196 స్థానాలలో కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కాయి. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. ప్రకాశం క్రమంగా క్రియాశీల రాజకీయాలనుండి తప్పుకున్నాడు. 1956 నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడడంతో రాజధాని కర్నూలునుండి హైదరాబాదుకు తరలిపోయింది.

వృద్ధాప్యంలోనూ ఇతడు గ్రామాల పర్యటన మానలేదు. ఒంగోలు ప్రాంతంలోని ఒక హరిజనవాడలో ఎండలో తిరిగి వడదెబ్బ తిన్నాడు. హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రిలో చికిత్స పొందుతూ 1957 మే 20న మరణించాడు. ఒకప్పుడు మద్రాసులో అత్యధికంగా ఆర్జించిన న్యాయవాదులలో ఒకడైన ఈయన చివరికి ఆస్తిపాస్తులేవీ మిగుల్చుకోలేదు. నా జీవితయాత్ర పేరుతో స్వీయచరిత్ర రచించాడు.

అనంతర పరిణామాలు

ప్రకాశాన్ని గద్దె దించిన చట్టం వెంటనే తొలగిపోలేదు. 1956 తరువాత పదకొండు ఆంధ్ర జిల్లాలలో నిషేధం ఉండగా, తెలంగాణలో కల్లు, సారా దుకాణాలు యథావిధిగా నడిచాయి. ఒకే రాష్ట్రంలో రెండు విధానాలు కొన్నేళ్ళు సాగి, 1960ల చివరిలో ఆంధ్ర ప్రాంతంలో నిషేధం తొలగింది. తరువాత నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా, కర్నూలు జిల్లాకు చెందిన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి 1993 అక్టోబరు 1న సారాను నిషేధించాడు. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించాడు. ఆదాయ లోటు, దొంగ రవాణా కారణాలుగా చూపి 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దానిని ఎత్తివేసింది. 1954లో కర్నూలు శాసనసభలో వినిపించిన వాదనలే నాలుగు దశాబ్దాల తరువాత హైదరాబాదులో మరల వినిపించాయి.

విజయవాడ వద్ద ఇతని పాలనలో పునాది పడిన బ్యారేజికి ప్రకాశం బ్యారేజి అని పేరు పెట్టారు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో, ఇతని శతజయంతి సంవత్సరంలో, ప్రకాశం జిల్లా అని నామకరణం చేసారు.