శామ్యూల్ కోల్‌రిడ్జి టేలరు

మన సంగీతసభలలో గాయకుని ప్రక్కన వయొలిను వినిపింపని సభ అరుదు. ఐరోపా ఖండమున పుట్టిన ఈ తంత్రీవాద్యమును పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో బాలుస్వామి దీక్షితులు వంటి విద్వాంసులు మన రాగములకు అనువుగా మలచుకొనిరి. పరదేశపు వాద్యము మన గమకములను పలికినంతమాత్రమున మన సంగీతము తన స్వరూపమును కోల్పోలేదు. ఇట్టి కార్యమునే వేఱొక చోట, వేఱొక విధమున సాధించిన సంగీతజ్ఞుడు శామ్యూల్ కోల్‌రిడ్జి టేలరు. ఆఫ్రికా జాతివారి పాటలు గొప్ప సభలలో వినదగినవి కావని పలువురు తలచుచుండిన కాలమున, ఆ పాటలను వయొలినుపైకి, పియానోపైకి, మహావాద్యబృందముపైకి తెచ్చి, వానికి గౌరవస్థానమును సంపాదించినవా డాయన.

టేలరు 1875వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి డేనియల్ టేలరు పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోను దేశీయుడు. వైద్యవిద్య నభ్యసించుటకై ఇంగ్లండునకు వచ్చిన ఆయన, కుమారుడు పుట్టకమునుపే ఆఫ్రికాకు మరలిపోయెను. తల్లి ఆలిస్ ఆంగ్లవనిత. శామ్యూల్ టేలర్ కోల్‌రిడ్జి అను సుప్రసిద్ధ ఆంగ్లకవి పేరు తలచి ఆమె బిడ్డకు నామకరణము చేసెను. లండనుకు దాపుననున్న క్రాయిడను పట్టణమున, తల్లి యొక్కయు, తాత బెంజమిన్ హోల్మన్సు యొక్కయు పోషణమున బాలుడు పెరిగెను. తాత గుఱ్ఱములకు లాడములు కొట్టి జీవించువాడు. ఆ యింట ధనము లేకున్నను సంగీతము కలదు. తాతకు వయొలిను వాయించుట కొంత తెలియును. ఆయన మనుమని చేతికి చిన్న వయొలి నొకటి యిచ్చి తొలిపాఠములు చెప్పెను.

పాఠశాలలో తోటి బాలురు శరీరచ్ఛాయను బట్టి టేలరును ఎగతాళి చేయుచుండిరి. ఆతడు స్వభావముచేత బిడియస్థుడు. మాటకు మాట చెప్పువాడు కాడు. అయినను వయొలిను పట్టినప్పుడును, చర్చి గాయకబృందమున పాడినప్పుడును ఆతని బిడియము తొలగిపోవుచుండెను. ఆ గాయకబృందమునకు నాయకుడైన కర్నల్ వాల్టర్సు బాలుని ప్రతిభను గుర్తించి, లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ అను సంగీత కళాశాలలో ప్రవేశము లభించునట్లు చేసెను. అది 1890వ సంవత్సరము. అప్పటికి టేలరునకు పదునైదేండ్ల ప్రాయము.

కళాశాలలో ఆతడు మొదట వయొలిను విద్యార్థిగా చేరెను. కాని స్వయముగా సంగీతము రచింపవలెనను కోరిక బలీయమై, రెండేండ్లకు రచనాశాఖకు మారెను. అచ్చట చార్లెస్ స్టాన్‌ఫర్డు అను ఆచార్యుడు గురువయ్యెను. ఒకనాడు సహాధ్యాయి యొకడు టేలరును రంగును బట్టి అవమానించెనట. అది విన్న స్టాన్‌ఫర్డు శిష్యుని చెంతకు పిలిచి, నిందించినవాని ప్రతిభ అంతయు టేలరు చిటికెనవ్రేలికి సరిగాదని ఊరడించెనని చెప్పుదురు. 1895లో టేలరు క్లారినెట్టునకును, నాలుగు తంత్రీవాద్యములకును కలిపి యొక కృతిని రచించెను. జర్మనీదేశపు వయొలిను సమ్రాట్టు జోవాకిం దానిని బెర్లినులో తన మిత్రులతో కలిసి వాయించెను. 

1898వ సంవత్సరము టేలరు జీవితమున ముఖ్యమైనది. ఇంగ్లండున ప్రసిద్ధ సంగీతజ్ఞుడైన ఎల్గర్, గ్లాస్టరులో జరుగనున్న సంగీతోత్సవమునకు ఈ యువకుని పేరు సూచించెను. అందుకై టేలరు వ్రాసిన కృతి శ్రోతలను మెప్పించెను. అదే సంవత్సరము నవంబరు 11వ తేదీన, లాంగ్‌ఫెలో అను అమెరికను కవి కావ్యము నాధారముగా గొని రచించిన హియావాతా వివాహవిందు అను గానకృతి ఆయన చదివిన కళాశాలలోనే ప్రదర్శింపబడెను. దాని కీర్తి కొలది కాలములోనే ఇంగ్లండంతటను వ్యాపించెను. ఊరూర గాయకసంఘములు దానిని పాడసాగెను. కాని టేలరు దానిపై సర్వహక్కులను పదునైదు గిన్నీలకు ప్రకాశకులకు విక్రయించి యుండెను. తరువాత వేలకొలది ప్రతులు అమ్ముడుపోయినను, అందొక్క కాసైనను ఆయనకు చెందలేదు.

ఇంతటి కీర్తి వచ్చిన పిమ్మట టేలరు ఆంగ్ల సంగీతజ్ఞులలో నొకడుగా సుఖముగా జీవించి యుండవచ్చును. ఆయన పెరిగినది ఇంగ్లండు. నేర్చినది ఐరోపా సంగీతము. ఆఫ్రికా భూమిపై ఆయన జీవితమున నెన్నడును అడుగు పెట్టలేదు. అయినను ఆయన మనసు తండ్రి దేశమువైపు తిరిగెను. 1897లో పాల్ లారెన్స్ డన్బారు అను అమెరికను కవి లండనునకు వచ్చెను. బానిసలుగా నుండి విముక్తి పొందిన తల్లిదండ్రుల బిడ్డ యాయన. వారిరువురును కలిసి సభలు చేసిరి. డన్బారు కవితలకు టేలరు సంగీతము కూర్చెను. ఫిస్క్ జూబిలీ గాయకబృందము నాయకుడైన లౌడిన్ మూలముగా అమెరికాలోని బానిసలు పాడుకొనిన భక్తిగీతములు ఆయన చెవిన పడెను. 1900లో లండనున జరిగిన ప్రథమ అఖిలాఫ్రికా మహాసభకు టేలరు ప్రతినిధిగా హాజరై, అచ్చటి సంగీత కార్యక్రమమును నిర్వహించెను. తన చర్మచ్ఛాయ కారణముగా తాను చిన్ననాట పడిన అవమానమునకు, తన జాతివారి పాటలకు గలిగిన అనాదరమునకు మూల మొక్కటే యని ఆయన గ్రహించెను.

ఆ పాటలను పాశ్చాత్య సంగీతముతో కలుపుట సులభమైన పని కాదు. ఆఫ్రికా సంగీతమున లయ ప్రధానము. ఒకడు పల్లవి నెత్తికొన్న, పదిమంది బదులు పలుకుదురు. దెబ్బ పడవలసిన చోట పడక, ఊహింపని చోట పడి వినువాని పాదమును కదలించును. పెక్కు పాటలు ఐదు స్వరములతోనే నడచును. ఐరోపా సంగీతమునందో, అనేక స్వరములు ఏకకాలమున పలికి ఒకదాని కొకటి ఆధారమగుట ప్రధానము. చిన్న పాటపై ఈ స్వరసమ్మేళనపు బరువును మోపిన, పాట నలిగిపోవును. మోపకున్నచో, ఆనాటి సభలు దానిని చెవిని పెట్టవు.

టేలరు ఈ చిక్కును ఓర్పుతో విప్పెను. 1905లో ఆయన ప్రకటించిన ట్వెంటీ ఫోర్ నీగ్రో మెలొడీస్ అను పియానో సంపుటమున ఆగ్నేయాఫ్రికా, దక్షిణాఫ్రికా, పశ్చిమాఫ్రికా, వెస్టిండీసు దీవులు, అమెరికా అను ప్రదేశముల పాటలు కలవు. ప్రతి రచనకు ముందు మూలగీతము ఉన్నది ఉన్నట్లుగా ముద్రింపబడెను. పిదప దానినుండి రచన పెరుగును. విత్తనమును చూపి చెట్టును చూపినట్లుండును. హంగెరీ పాటలకు బ్రాంసు, బొహీమియా పాటలకు ద్వోర్జాకు, నార్వే పాటలకు గ్రీగు చేసిన సేవను తన జాతి పాటలకు తాను చేయదలచితినని ఆయన ఆ గ్రంథపు పీఠికలో తెలిపెను.

బాల్యమునుండి చేతిలో పెరిగిన వయొలినును ఆయన మఱవలేదు. కమాను పొడవుగా లాగిన ఆ వాద్యము మనుష్యకంఠమువలె పాడును. కురుచగా కొట్టిన మృదంగమువలె లయను పలుకును. కావున ఆఫ్రికా పాటకును, ఆటకును అది చక్కని సాధనము. వయొలినునకును పియానోకును కలిపి వ్రాసిన నాలుగు ఆఫ్రికా నృత్యములు 1904లో వెలువడెను. బానిసల భక్తిగీత మొకదానిని తీసికొని మహావాద్యబృందమునకై వివిధ రీతుల విస్తరించిన రచన 1906లో వెలువడెను. అందు సెల్లోలు, వయొలినులు, ఇత్తడి వాద్యములు ఒక దీనుని ప్రార్థనను పంచుకొని పాడును.

టేలరు పేరు అట్లాంటికు సముద్రమును దాటెను. అమెరికా రాజధాని వాషింగ్టనున ఆఫ్రికా సంతతివారు 1901లో ఆయన పేర గాయకసంఘము నొకదానిని స్థాపించిరి. వారి ఆహ్వానముపై 1904లో ఆయన ఆ దేశమునకు పోయెను. అమెరికాలో బానిసత్వము రద్దయి అప్పటికి నలువది యేండ్లైనను నిండలేదు. బానిసల బిడ్డలును, మనుమలును వేదికపై బారులు తీరి నిలువ, తమ జాతివాడే బెత్తము పట్టి వారిచే పాడించుట ఆ సభికులు చూచిరి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు టేలరును శ్వేతసౌధమున సత్కరించెను. 1906లోను, 1910లోను ఆయన మరల అమెరికాకు పోయెను.

ఇంటికి వచ్చిన కీర్తి వెంట ధనము రాలేదు. 1899లో ఆయన తన సహాధ్యాయిని యైన జెస్సీ వాల్మిస్లీని వివాహమాడెను. ఆమె తల్లిదండ్రులు మొదట ఈ పెండ్లికి సమ్మతింపలేదు. వారికి హియావాతా యను కుమారుడును, ఏవ్రిల్ అను పేర ప్రసిద్ధి కెక్కిన కుమార్తెయు కలిగిరి. సంసారమును పోషించుటకై టేలరు కళాశాలలలో పాఠములు చెప్పెను. సంఘములకు సంగీతము నడపెను. పోటీలకు న్యాయనిర్ణేతగా ఊరూర తిరిగెను. వీథిలో అల్లరి కుఱ్ఱవాండ్రు ఎదురువచ్చి హేళన చేయునప్పుడు తండ్రి తన చేతిని మఱింత గట్టిగా పట్టుకొనెడివాడని కుమార్తె పెద్దదైన పిమ్మట వ్రాసినది. సభలలో గౌరవము, వీథిలో హేళన, ఈ రెండును ఆయనకు తుదివఱకు తప్పలేదు.

ఆయన చివరి గొప్ప కృతి వయొలినునకై వ్రాసినదే. అమెరికను వయొలిను విదుషీమణి మాడ్ పవెల్‌కై దానిని రచించెను. మొదట బానిసల గీతముల నాధారముగా గొని వ్రాసెను. కాని అది తనకే తృప్తి కలిగింపకపోగా, దానిని త్రోసివైచి మొదటినుండి క్రొత్తగా వ్రాసెను. జాతిగీత మైనంతమాత్రమున ఏ రచనయైనను చాలునని ఆయన తలపలేదు. ఆ కృతి 1912 జూనులో అమెరికాలోని నార్‌ఫోకు పట్టణమున ప్రదర్శింపబడెను. ఆగష్టు 28వ తేదీన టేలరు క్రాయిడనులోని రైలు స్టేషనున సొమ్మసిల్లి పడెను. ఊపిరితిత్తుల వాపు వ్యాధి ముదిరి, సెప్టెంబరు 1వ తేదీన మరణించెను. అప్పటికి వయస్సు ముప్పదియేడేండ్లు మాత్రమే. అక్టోబరులో ఆ వయొలిను కృతి లండనున ప్రదర్శింపబడినప్పుడు వినుటకు కర్త లేడు.

ఐదవ జార్జి చక్రవర్తి ఆయన భార్యకు ఏడాదికి నూఱు పౌనుల భరణము నేర్పాటు చేసెను. దేశమంతయు పాడుకొనుచున్న కృతిని రచించినవాని కుటుంబమున కేమియు మిగులకపోవుట పలువురిని కలచివైచెను. సంగీత రచయితల హక్కులను కాపాడుటకై 1914లో ఇంగ్లండున ఒక సంఘ మేర్పడుటకు ఈ దృష్టాంతము కూడ తోడ్పడెనందురు. 1924నుండి 1939వఱకు లండనులోని రాయల్ ఆల్బర్టు హాలున హియావాతా వేషధారణలతో ఏటేట ప్రదర్శింపబడుచుండెను. ఆయన సంపుటములోని ఒక బానిసగీతమును మాడ్ పవెల్ వయొలినుపై వాయించి అనేక నగరములలో వినిపించెను.

టేలరునకు తండ్రి ముద్దుమాటలు వినుచు పెరుగు భాగ్యము లేకపోయెను. తండ్రి దేశము నాయన చూడలేదు. దూరమున నుండియే ఆ దేశపు పాటను విని, తన దని గుర్తించెను; తాత యిచ్చిన వయొలినుతో, గురువు నేర్పిన విద్యతో దాని ఋణము తీర్చెను. రెండు ఖండముల సంగీతములు ఆయన చేత పరస్పరము చిన్నబుచ్చుకొనక కలిసి నడచినవి.