ఉప్పుతో గొంతువాపును తగ్గించిన శ్రీకాకుళం వైద్యుడు



ఆదివారం దివ్యబలిపూజ ముగిసి గుడి బయట నిలబడి మాట్లాడుకునే పెద్దల నోట ఈమధ్య రెండు జబ్బుల పేర్లు తప్పక వినపడుతున్నాయి. ఒకటి షుగర్, రెండోది థైరాయిడ్. షుగర్ గురించి మీకు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. థైరాయిడ్ విషయంలో మాత్రం మాత్ర తెలిసినంతగా జబ్బు తెలియదు. ఆ గ్రంథికీ మన వంటింటి ఉప్పుడబ్బాకూ ఉన్న సంబంధాన్ని మన దేశపు పల్లెల్లో రుజువు చేసి చూపించిన వైద్యుడు తెలుగువారేనని మీలో ఎంతమందికి తెలుసు? ఆయనే డాక్టర్ వులిమిరి రామలింగస్వామి.

ఆయన 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. పేరుపొందిన నౌపడ ఉప్పు మడులున్నది నేటి ఆ జిల్లాలోనే. అంటే ఉప్పుకు కొదువలేని సీమ. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పూర్తి చేశారు. నీలగిరి కొండల్లో కూనూరు పోషకాహార పరిశోధనశాలలో పనిచేశారు. 1951లో ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొందారు. ఆ కూనూరు పరిశోధనశాలే తర్వాత హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో మీరు చూసే జాతీయ పోషకాహార సంస్థ అదే. అంత చదువు చదివినవారు ఏ మహానగరంలోనో ప్రాక్టీసు పెట్టుకుంటే మేడలు కట్టి ఉండేవారు. ఆయన మాత్రం తిండి చాలక వచ్చే జబ్బుల వెంటే నడిచారు.

హిమాలయాల దిగువన కాంగ్రా లోయ ఉంది. అప్పట్లో పంజాబు, నేడు హిమాచల్ ప్రదేశ్. అక్కడి పల్లెల్లో ఆడవాళ్ళకీ పిల్లలకీ గొంతు ముందు కాయంత వాపు ఉండేది. మన పెద్దలు గళగండం అనేది దీన్నే. బడిపిల్లల్లో మూడోవంతుకు పైగా ఈ వాపు ఉన్నవారే. అక్కడివారికి అది ఎంత అలవాటైందంటే, దాన్ని జబ్బు అనుకోవడమే మానేశారు.

కారణం నేలలో ఉంది. మంచు, వానలు, వరదలు కొండనేలలోని అయోడిన్‌ను వేల ఏళ్ళుగా కడిగేశాయి. నేలలో లేనిది పంటలో ఉండదు, పంటలో లేనిది మనిషికి రాదు. థైరాయిడ్ గ్రంథి తన హార్మోన్‌ను తయారు చేయడానికి అయోడిన్ కావాలి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు, అంటే సూదిమొన మీద నిలిచేంత. అది కూడా దొరకకపోతే మెదడు అడుగున ఉండే మరో గ్రంథి థైరాయిడ్‌ను ఇంకా పని చెయ్యమని తరుముతూనే ఉంటుంది. పాపం, అది పెరిగి పెరిగి వాపు అవుతుంది. వాపు కంటికి కనపడే నష్టం మాత్రమే. అసలు నష్టం తల్లి కడుపులోని బిడ్డకు. అయోడిన్ బాగా తక్కువైన తల్లులకు మూగ, చెవిటి పిల్లలు, బుద్ధి ఎదగని పిల్లలు పుట్టేవారు. ఏ తల్లి పాపమూ కాదది, ఏ శాపమూ కాదు.

ఉప్పులో అయోడిన్ కలపడం ఆయన కనిపెట్టింది కాదు. స్విట్జర్లాండులోనూ అమెరికాలోనూ 1920ల నుండే అలా చేస్తున్నారు. కానీ తేమా వేడీ ఎక్కువగా ఉండే మన దేశంలో, బీదల ఇళ్ళలో అది పనిచేస్తుందా? 1956లో రామలింగస్వామిగారూ డాక్టర్ సూచ్ మొదలైన సహచరులూ సుమారు లక్షమంది ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, మరో భాగానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు, ఇంకో భాగానికి మామూలు ఉప్పు. ఆరేళ్ళు ఓపిగ్గా చూశారు. మందు ఉప్పు తిన్న రెండు చోట్లా పిల్లల్లో గొంతువాపు సగానికో, అంతకన్నా తక్కువకో దిగింది. మామూలు ఉప్పు తిన్నచోట ఎక్కడిదక్కడే ఉంది.

ఆ మూడో భాగపు తల్లుల సంగతి తలచుకుంటే మనసు కొంచెం కలుక్కుమంటుంది. పోల్చి చూడకుండా ప్రభుత్వాన్ని నమ్మించడం సాధ్యమయ్యేది కాదు, నిజమే. ఫలితం తేలాక వాళ్ళకీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా వాపు తగ్గింది. 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమం మొదలైంది. దాని వెనుక ఉన్న బలం కాంగ్రా పరిశోధనే.

ఆ తర్వాత ఆయన 1969 నుండి పదేళ్ళు ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్‌గా, 1979 నుండి 1986 దాకా భారత వైద్య పరిశోధన మండలి అధిపతిగా పనిచేశారు. పద్మభూషణ్, లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం పొందారు.

ఇక మన సిద్దిపేట ఇళ్ళకు వద్దాం. సముద్రం ఇక్కడికి దూరం. పూర్వం లంబాడీలు ఎడ్ల మీద తీరం నుండి ఉప్పు తెచ్చేవారు. సముద్రపు ఉప్పు కాబట్టి అయోడిన్ ఉంటుందనుకోకండి, అందులో ఉండేది లెక్కకు రాదు. దొడ్డు ఉప్పు తొక్కులకు వాడుకోండి, రోజూ కూరలో వేసేది అయోడైజ్డ్ ఉప్పేనా అని ప్యాకెట్ చూసి కొనండి. మూత గట్టిగా పెట్టి పొయ్యికి దూరంగా ఉంచండి. బి.పి., షుగర్ ఉన్నవారికి డాక్టరు ఉప్పు తగ్గించమంటే అదే ఉప్పును తగ్గించాలి. దానికి బదులు సైంధవ లవణమో గులాబీ రంగు ఉప్పో పట్టుకోవడం కాదు.

పాత జ్ఞానస్నాన విధిలో పసిబిడ్డ నాలుకపై ఆశీర్వదించిన ఉప్పు పెట్టేవారని వృద్ధులకు గుర్తుండే ఉంటుంది. బిడ్డ బుద్ధికి అవసరమైన ఉప్పు మాత్రం తల్లి కడుపులో ఉండగానే అందాలి.

మరో మాట. థైరాయిడ్ తక్కువై మాత్ర వేసుకుంటున్నవారికి ఉప్పు మందు కాదు. ఈనాడు పట్టణాల్లో కనిపించే థైరాయిడ్ లోపం చాలావరకు శరీరం తన గ్రంథిపై తానే దాడి చేయడంవల్ల వచ్చేది. వారు థైరాక్సిన్ మాత్రను పొద్దున్నే పరగడుపున నీళ్ళతో వేసుకుని, అరగంట నుండి గంట వరకు చాయ్ తాగకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భం వస్తే మాత్ర మానకూడదు, వెంటనే డాక్టరుకు చెప్పాలి, చాలాసార్లు మోతాదు పెంచవలసి వస్తుంది. సత్ప్రసాదానికి ముందు ఉపవాసమని ఆదివారం మాత్ర మానేసేవారు మన విచారణల్లో ఉన్నారు. తిరుసభ చట్టంలోని 919వ నియమం ప్రకారం నీళ్ళూ మందులూ ఆ గంట ఉపవాసానికి భంగం కావు. వృద్ధులకూ రోగులకూ వారిని కనిపెట్టుకుని ఉండేవారికీ ఆ గంట ఉపవాసం కూడా తప్పనిసరి కాదు. ఇన్సులిన్ వేసుకునే షుగర్ రోగులకు ఈ సంగతి తప్పక చెప్పండి.

1996లో యూనిసెఫ్ ప్రచురణకు సహచరులతో కలిసి రాసిన వ్యాసంలో రామలింగస్వామిగారు ఒక కఠినమైన ప్రశ్న వేశారు. ఆఫ్రికా కన్నా తిండి మెరుగ్గా ఉన్న మన దక్షిణాసియాలో పిల్లలు అంతకన్నా ఎక్కువగా ఎందుకు చిక్కిపోతున్నారు? జవాబును ఆయన తల్లుల స్థితిలో వెతికారు.

2000లో కేంద్ర ప్రభుత్వం అయోడిన్ లేని ఉప్పు అమ్మకంపై ఉన్న నిషేధాన్ని ఎత్తివేసింది. ఆ మరుసటి ఏడు మే 28న ఆయన ఢిల్లీలో కన్నుమూశారు. నిషేధం తిరిగి అమలులోకి వచ్చింది 2006 మే నెలలో.