కార్తేజి పెర్పెతువా

ఇరవై రెండేళ్లంటే మనలో చాలామంది పరీక్షలు, ఉద్యోగాలు అంటూ సతమతమయ్యే వయసు. క్రీ.శ. 203లో సుమారు ఆ వయసు అమ్మాయి ఒకతె, మరణశిక్ష ముందు పెట్టుకుని, చెరసాలలో తన రోజుల్ని రాసిపెట్టింది. ఆమె పేరు విబియా పెర్పెతువా. ఊరు కార్తేజి. నేటి ట్యునీసియాలో, ట్యునిస్ పక్కన దాని శిథిలాలున్నాయి. అప్పట్లో అది రోమన్ సామ్రాజ్యంలో మహానగరం.

కలిగినింటి పిల్ల. బాగా చదువుకుంది. పెళ్లయింది, ఒళ్లో పాలు తాగే కొడుకు. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి ఏలుబడిలో, క్రైస్తవం పుచ్చుకోవడానికి సిద్ధమవుతున్న ఆమెనూ మరికొందరినీ పట్టుకున్నారు. వారిలో ఫెలిసితాస్ అనే బానిస స్త్రీ గర్భిణి. చీకటి, ఉక్క, సైనికుల దౌర్జన్యం ఒకెత్తు, బిడ్డ మీది దిగులొకెత్తు. బిడ్డను దగ్గరుంచుకోనిచ్చాక ఆ చెరసాలే ఆమెకు రాజభవనమనిపించిందట!

మృగాలకంటే కఠినమైన పరీక్ష కన్నతండ్రి. మొదట కోప్పడ్డాడు. తర్వాత చేతులు ముద్దుపెట్టుకుని, కాళ్లమీద పడి, నెరిసిన తన తలను చూడమన్నాడు, పసివాణ్ణి చూడమన్నాడు. అధికారి హిలారియానస్ అడిగింది కూడా చిన్న పనే. చక్రవర్తుల క్షేమం కోసం బలి అర్పిస్తే చాలు, ఇంటికి పోవచ్చు. ఆమె కాదంది. అడ్డుపడిన ముసలాయనను బెత్తంతో కొట్టించారు. ఆ దెబ్బ తనకే తగిలినట్లు విలవిల్లాడింది గాని మాట మార్చలేదు. తీర్పు తర్వాత తండ్రి బిడ్డను తిరిగివ్వలేదు.

చెరలో ఆమెకు దర్శనాలు కలిగాయి. ఒకదానిలో ఆకాశాన్నంటే కంచు నిచ్చెన, ఇరుపక్కలా కత్తులు, కొక్కేలు, కింద మహాసర్పం. దాని తలమీదే తొలి అడుగేసి పైకెక్కింది. ఇంకోదానిలో, ఏడేళ్లకే జబ్బుచేసి పోయిన తమ్ముడు దినోక్రతిస్ అందని నీటితొట్టి దగ్గర దాహంతో నిలబడ్డాడు. ఆమె రోజుల తరబడి ప్రార్థించాక తొట్టి అంచు కిందికి దిగింది, తమ్ముడు తనివితీరా తాగి ఆటలకు పోయాడు. చివరి దర్శనం రాసి, రేపటి సంగతి ఎవరైనా రాయదలిస్తే రాసుకోవచ్చని కలం పెట్టేసింది.

రాకుమారుడు గెతా పుట్టినరోజు వేడుకల్లో, మార్చి 7న, వాళ్లను మృగాల ముందుకు తోలారు. ఫెలిసితాస్ అప్పటికే చెరలో ఆడపిల్లను కన్నది. పొగరుబోతు ఆవు కుమ్మి పడేస్తే పెర్పెతువా లేచి, చెదిరిన జుట్టు సర్దుకుని, ఫెలిసితాస్‌కు చెయ్యిచ్చి లేపింది. ఆఖరికి, చెయ్యి వణుకుతున్న కుర్ర మల్లుడి కత్తిని తానే తన గొంతు దగ్గరికి చేర్చుకుంది.

ఆమె రాతకు మరొకరు ముందూ వెనకా కలిపి గ్రంథం చేశారు. రెండు శతాబ్దాల తర్వాత అగస్టిన్ ఆమె స్మృతిదినాన ప్రసంగాలు చేశాడు. ప్రాచీన కాలపు స్త్రీలు తమ గురించి తాము రాసుకున్నవి మనకు దక్కినవి బహు కొద్ది. అందులో ఇదొకటి.

తండ్రి పేరు ఆమె ఎక్కడా రాయలేదు. ఆయన కన్నీళ్లు మాత్రం దాచకుండా రాసింది. నమ్మినదానికి నిలబడితే దాని ఖరీదు మనవాళ్లు కూడా చెల్లిస్తారు. ఆ సంగతి తెలిసి నిలబడింది గనుకనే, ఆమె నమ్మకం మనది కాకపోయినా ఆ కొద్ది పుటలు మనల్ని వదలవు.