శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు

శ్రీ నారాయణదాసుగారు 1864 ఆగస్టు 31న బొబ్బిలి ప్రాంతమున అజ్జాడ గ్రామమునందు జన్మించిరి. తలిదండ్రులిడిన నామము సూర్యనారాయణ. హరికథాపితామహులని లోకము వారిని కొనియాడును. శ్రీరామనవమి పందిళ్లలో చిడతల మ్రోత విని పెరిగిన కొల్లేటిసీమవారికి ఆ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. సంగీతగురువులుగ వారొనర్చిన కృషి మాత్రము తగినంత ప్రస్తావనకు వచ్చుట లేదు.

1919లో విజయనగర ప్రభువులు విజయరామ గానపాఠశాలను నెలకొల్పి దాసుగారిని ప్రథమాధ్యక్షులుగ నియమించిరి. అంతవరకు సంగీతవిద్య గురుగృహమున శుశ్రూష చేసి గడించునది. దానిని గంటలకును తరగతులకును లోబఱచినచో విద్య చిక్కిపోదా యనునది పెద్ద సందేహము. దాసుగారు చాలవఱకు స్వయంకృషిచే పండితులైనవారు. అట్టివారికి పట్టాలపై భ్రమ యుండదు గదా! ద్వారం వేంకటస్వామినాయుడుగారు శిష్యులుగ చేరవచ్చిరి. వారి ఫిడేలు వినిన పిమ్మట, ముప్పదేండ్లైన నిండని యా యువకునికి ఆచార్యపదవియే లభించెను.

దాసుగారి బోధనాదృష్టి వారి రచనలలోనే గోచరించును. దశవిధరాగనవతికుసుమమంజరి తొంబది రాగములలో నడచు గేయము. రాగనామములు సాహిత్యమునందే పొదుగబడినవి. దానిని నేర్చినవానికి రాగము పేరును, నడకయు, పదముల యర్థమును ఒక్కసారిగ వశమగును. లక్షణగ్రంథములు వల్లించుటకంటె ఇది మేలైన త్రోవ.

1936లో అధ్యక్షపదవి ద్వారంవారికి సంక్రమించెను. గుడివాడ చేరువ చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అంతదూరము పోయి, మాధుకరముతో పొట్ట పోసికొనుచు, ఆ పాఠశాలలోనే పట్రాయని సీతారామశాస్త్రిగారికడ గాత్రము నభ్యసించిరి. గురుశుశ్రూష అక్కడ అంతరింపలేదన్నమాట.

దాసుగారు 1945 జనవరి 2న పరమపదించిరి.