గేరు బాక్సుకు సూటిదారి చూపిన లూయీ రెనో

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి రాయమని కార్యవర్గం వారు కోరారు. గాంధీగారి గురించీ, విశ్వేశ్వరయ్యగారి గురించీ చక్కగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు స్టీరింగూ, గేరు రాడ్డూ తప్ప వేరే చదువు లేదు. అందుకని గేరు బాక్సుతో పేరు తెచ్చుకున్న ఒక ఫ్రెంచి దేశస్థుణ్ణి ఎంచుకున్నాను. ఆయన పేరు లూయీ రెనో. ఆ ఇంటిపేరు ఇవాళ మన ఊళ్ల రోడ్ల మీద తిరిగే కార్ల మీద కూడా కనిపిస్తుంది. ఆ పేరు ఒక మనిషిదనీ, ఆ మనిషి దేశద్రోహం ఆరోపణ మీద నిర్బంధంలో ఉండగా, విచారణ అయినా జరగకుండానే పోయాడనీ మనవాళ్లలో తెలిసినవారు తక్కువ.

లూయీ 1877లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి బట్టలు, గుండీల వ్యాపారి. కలిగిన కుటుంబం. అన్నలు ఫెర్నాన్, మార్సెల్ బుద్ధిగా వ్యాపారంలో కుదురుకున్నారు. కడగొట్టువాడైన లూయీకి మాత్రం చదువు అబ్బలేదు. మాట కూడా తక్కువే. నలుగురిలో నిలబడి నాలుగు ముక్కలు చెప్పడానికి జీవితాంతం ఇబ్బందిపడ్డాడు. చేతికి ఏదైనా యంత్రం దొరికితే మాత్రం అన్నం కూడా గుర్తుండేది కాదు. పారిస్ శివార్లలో, సేన్ నది ఒడ్డున ఉన్న బిల్లాంకూర్‌లో వాళ్లకు ఒక తోట ఇల్లు ఉండేది. ఆ తోట చివర పనిముట్లు పెట్టుకునే పాక ఒకటి ఉంటే, దాన్ని లూయీ తన వర్క్‌షాపుగా మార్చుకున్నాడు. పెద్ద ఇంజనీరింగు కళాశాల ప్రవేశ పరీక్ష తప్పినా ఆ పాకను మాత్రం వదలలేదు.

కుర్రతనంలో ఆయనకు మోటారు పిచ్చి పట్టించినవాడు సెర్పొలే అనే ఆవిరి బండ్ల నిర్మాత. ఆయన బండిలో ఎక్కి తిరిగాక లూయీకి ఇక వేరే ధ్యాస లేకపోయింది. ఇక్కడ ఒక చిన్న విశేషం ఉంది. ఆవిరి ఇంజనుకు గేర్లతో పెద్ద పని లేదు. ఆగి ఉన్నప్పుడే అది పూర్తి బలంతో తోస్తుంది. పెట్రోలు ఇంజను అలా కాదు. నిమిషానికి ఇన్ని చుట్లని తిరుగుతూ ఉంటేనే దానికి సత్తువ. నెమ్మదిగా తిప్పితే గింజుకుని ఆగిపోతుంది. ఆగి ఉన్న బండిని కదిలించాలన్నా, ఎత్తు ఎక్కించాలన్నా ఇంజను వేగంగా తిరుగుతూ చక్రాలు నెమ్మదిగా తిరగాలి. ఆ సర్దుబాటు చేసేదే గేరు బాక్సు. గేర్లు లేని బండి మీద మోజుపడ్డ కుర్రవాడు గేరు బాక్సుతో ప్రపంచానికి తెలియడం విచిత్రమే.

లూయీ కంటే ముందే ఫ్రాన్సులోనే లెవాసోర్ అనే ఇంజనీరు, పళ్ల చక్రాలను షాఫ్టు మీద జరిపి ఒకదానికొకటి తగిలించే గేరు బాక్సును వాడుకలోకి తెచ్చాడు. అది మొరటు పద్ధతే. తిరుగుతున్న పళ్లలోకి తిరుగుతున్న పళ్లను తోయడమే కదా! పైగా గేరు బాక్సు నుంచి వెనక చక్రాలకు సైకిలుకు ఉన్నట్టు గొలుసులు ఉండేవి. ఆ గొలుసులు సాగేవి, తెగేవి, దుమ్ము పట్టేవి, చెవులు చిల్లులు పడేలా మోగేవి. ఏ గేరులో నడిచినా ఇంజను బలం పళ్ల చక్రాల గుండానే వెళ్లాలి కనుక దారిలో కొంత రాపిడికి పోయేది.

1898లో సైన్యంలో తప్పనిసరి సేవ ముగించుకుని వచ్చిన లూయీ ఒక డి డియాన్ మూడుచక్రాల బండిని విప్పదీసి, ఆ పాకలోనే నాలుగు చక్రాల చిన్న కారుగా మార్చాడు. ఇంజను ఒకే సిలిండరు, 273 సి.సి. అంటే ఇవాళ్టి పెద్ద మోటారు సైకిలు ఇంజనంత కూడా లేదు. బలం రెండు గుర్రాల శక్తికి కూడా తక్కువ. అంత చిన్న ఇంజనుతో కారు నడవాలంటే దారిలో ఒక్క పిసరు బలం కూడా వృథా కాకూడదు. ఆ అవసరంలోంచే ఆయన ఆలోచన పుట్టిందని నా నమ్మకం.

ఆయన చేసింది ఇది. ఇంజను నుంచి వచ్చే షాఫ్టునూ, వెనక్కి వెళ్లే షాఫ్టునూ ఒకే వరసలో, ముక్కుకు ముక్కు ఎదురుగా పెట్టాడు. పక్కన మరొక షాఫ్టు. మన గ్యారేజీలో అందరూ లే షాఫ్టు అనేది అదే. మొదటి గేరులోనూ, రెండో గేరులోనూ బలం పక్క షాఫ్టు మీదికి దిగి, మళ్లీ పైకెక్కి వెనక్కి వెళ్తుంది. మూడో గేరు వేసినప్పుడు మాత్రం ఎదురెదురుగా ఉన్న రెండు షాఫ్టులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే కడ్డీలా తిరుగుతాయి. మధ్యలో పళ్ల చక్రాల ప్రమేయమే లేదు. దాన్నే డైరెక్ట్ డ్రైవ్ అన్నారు. గొలుసులు తీసేసి, మెలిక తిరగగల జాయింట్లతో ప్రొపెల్లర్ షాఫ్టు పెట్టి వెనక యాక్సిలును తిప్పించాడు. మనం బస్సు కింద దూరి చూసిన అమరిక ఇదే. మనలో చాలామంది నడిపిన బస్సుల్లో టాప్ గేరు కూడా ఇలాంటిదే. టాప్‌లో పడగానే గేరు బాక్సు మోత తగ్గి బండి తేలిపోతున్నట్టు అనిపించేది గుర్తుందా? దానికి కారణం ఈ సూటి పట్టే.

1898 డిసెంబరు 24, క్రిస్మస్ ముందు రాత్రి. పారిస్‌లో మోంమార్త్ర్ గుట్ట మీదికి లెపిక్ వీధి అని నిటారుగా ఒక దారి ఉంది. గొలుసు లేని ఈ బొమ్మ కారు దాన్ని ఎక్కలేదని స్నేహితులు పందెం కాశారు. లూయీ ఎక్కించి చూపించాడు. ఆ రాత్రే పన్నెండు మంది బయానా ఇచ్చి తమకూ అలాంటి కారు కావాలన్నారట. అమ్మే ఉద్దేశం లేని మనిషి అమ్మకందారు అయిపోయాడు. 1899 ఫిబ్రవరిలో పేటెంటు తీసుకున్నాడు. అన్నలు పెట్టుబడి పెట్టి 'రెనో సోదరులు' పేరుతో కంపెనీ తెరిచారు. తర్వాతి ఏళ్లలో తన పద్ధతిని వాడుకున్న కంపెనీల మీద లూయీ కోర్టులకు వెళ్లి రాయల్టీ వసూలు చేసుకున్నాడు.

ఇంత చేసినా గేరు మార్చడం అప్పట్లో తేలిక కాలేదు. సింక్రోమెష్ అమెరికాలో కాడిలాక్ కార్లలో వచ్చింది 1928లో. బస్సులకూ లారీలకూ అది చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వారు రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు 27 బస్సులు ఉండేవి. ఆ ఆల్బియన్ బస్సులను నడిపిన పెద్దలంతా డబుల్ క్లచ్ విద్య నేర్చినవారే. ఈ తరం వారి కోసం చెబుతాను. పై గేరు నుంచి కింది గేరుకు దిగాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తీయాలి. క్లచ్ వదిలి యాక్సిలరేటరు ఒక్క తొక్కు తొక్కి ఇంజను వేగం పెంచాలి. మళ్లీ క్లచ్ తొక్కి అప్పుడు గేరు వేయాలి. వేగాలు కుదిరాయా, వెన్నలో కత్తి దిగినట్టు దిగుతుంది. కుదరలేదా, గర్రుమని బస్సులో వెనక సీటు ప్రయాణికుడు కూడా ఉలిక్కిపడతాడు.

డ్రైవింగు నేర్పిన రోజుల్లో నేను గమనించిన సంగతి ఒకటి. కొత్తవాడు గేరు రాడ్డు వైపు చూసి గేరు వేస్తాడు. ఆరు నెలలకు ఇంజను చప్పుడు విని వేస్తాడు. అయిదేళ్లకు సీటులోకి వచ్చే అదురును బట్టి, ఎత్తు ఇంకా రాకముందే వేస్తాడు. గేరు మార్చడంలో ఉన్న ఆకర్షణ అంతా ఇదే అని నా అభిప్రాయం. బండి ఏమంటున్నదో మనకు తెలుస్తుంది, మనం విన్నట్టు బండికి తెలుస్తుంది. ఘాట్ రోడ్డు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని నేర్పేవాళ్లం. అలా దిగుతున్నప్పుడు ఇంజనే బండిని పట్టి ఆపుతూ ఉంటే బ్రేకు మీద కాలు తేలిగ్గా ఉంటుంది. ఆ ధీమా తెలిసినవాడికే తెలుస్తుంది.

అలాగని ఆటోమేటిక్ గేర్లను చిన్నచూపు చూడను. 1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారు హైడ్రామాటిక్ అనే పద్ధతిని ప్రకటించారు. ఇంజనుకూ గేర్లకూ మధ్య క్లచ్‌కు బదులు నూనె నింపిన జోడింపు పెట్టి, గేర్లు వాటంతట అవే మారేలా చేశారు. క్లచ్ పెడలే లేదు. పెద్ద ఇంజన్లు, చవక పెట్రోలు ఉన్న దేశం కనుక అక్కడ త్వరగా పాకింది. చిన్న ఇంజన్ల యూరపులో, మన దేశంలో చాలాకాలం చేతి గేర్లే నిలిచాయి. మన దగ్గర 2014లో మారుతీ సెలేరియోతో వచ్చిన ఎ.ఎం.టి. తమాషా అయినది. లోపల ఉన్నది పాత చేతి గేరు బాక్సే. క్లచ్ తొక్కే కాలు పని, రాడ్డు జరిపే చేతి పని చిన్న యంత్రాలు చేస్తాయి. 2016లో రెనో వారి క్విడ్ కారులోనూ అదే పెట్టారు. గేరు రాడ్డు ఉండవలసిన చోట కాక, డాష్‌బోర్డు మీద ఫ్యాను రెగ్యులేటరు లాంటి గుండ్రటి మీట పెట్టారు. సిటీ బస్సులో ఎనిమిది గంటలు క్లచ్ తొక్కి, రిటైరయ్యాక ఎడమ మోకాలు పట్టుకుని మెట్లు దిగే మన మిత్రుల్ని చూస్తే ఆ మీటను ఎగతాళి చేయబుద్ధి కాదు. ఆదివారం పూట సరదాగా నడిపేవాడి ముచ్చట వేరు, డ్యూటీ చేసేవాడి కష్టం వేరు. 2019 నుంచి హైదరాబాదులో తిరుగుతున్న విద్యుత్ బస్సుల్లో డ్రైవరు మార్చవలసిన గేర్లే లేవు. ఆగి ఉన్నప్పుడే పూర్తి బలం ఇచ్చే మోటారు వాటిది. సెర్పొలే ఆవిరి బండి సంగతి మళ్లీ వచ్చిందన్నమాట.

లూయీ కథకు వస్తాను. ఆయనా, మార్సెలూ తమ కార్లను తామే పందేల్లో నడిపేవారు. 1903 మే 24న పారిస్ నుంచి మాడ్రిడ్‌కు పందెం మొదలైంది. దుమ్ములో దారి కనబడక, జనం రోడ్డు మీదికి వచ్చి, ఎన్నో ప్రమాదాలు జరిగాయి. లూయీ అందరికంటే ముందున్నవారిలో ఒకడుగా బోర్డో చేరాడు. అక్కడ అన్న సంగతి తెలిసింది. పొవాతియే దాటాక మార్సెల్ కారు దారి తప్పి పల్టీ కొట్టింది. రెండు రోజులకు ఆయన పోయాడు. ప్రభుత్వం పందేన్ని బోర్డోలోనే ఆపించింది. లూయీ ఆ తర్వాత ఎన్నడూ పందెంలో కారు నడపలేదు. ఆ రోజు ఆయన పక్కన మెకానిక్కుగా కూర్చున్న సీస్ 1906లో మొట్టమొదటి గ్రాండ్ ప్రీని రెనో కారు మీదే గెలిచాడు. 1909లో పెద్దన్న ఫెర్నాన్ కూడా జబ్బుతో పోయాడు. ముప్పై రెండేళ్లకు లూయీ ఒంటరి యజమాని.

ఇక్కడి నుంచి ఆయన మీద నాకున్న అభిమానం కొంచెం తగ్గుతుంది. 1911లో అమెరికా వెళ్లి ఫోర్డు కర్మాగారం చూసి, కాలాన్ని కొలిచి పని చేయించే టేలర్ పద్ధతి వెంట తెచ్చాడు. ప్రతి కార్మికుడి వెనక గడియారం పట్టుకుని ఒక మనిషి నిలబడితే ఎలా ఉంటుందో, రన్నింగు టైము కోసం తిట్లు తిన్న మనకు వేరే చెప్పాలా? 1913లో బిల్లాంకూర్ కార్మికులు దాని మీద వారాల తరబడి సమ్మె చేసి ఓడిపోయారు. గడియారం నిలిచింది. చేతి నేర్పుతో పైకొచ్చిన మనిషి ఇతరుల చేతులను సెకన్లలో కొలిపించాడు.

మొదటి ప్రపంచయుద్ధం ఆయనను దేశానికి ఆప్తుణ్ణి చేసింది. 1914 సెప్టెంబరులో మార్న్ యుద్ధానికి సైనికుల్ని చేర్చిన పారిస్ టాక్సీల్లో ఎక్కువ రెనోలే. 1917 నాటి రెనో చిన్న టాంకు, చుట్టూ తిరిగే తుపాకీ గోపురంతో, తర్వాతి టాంకులన్నింటికీ మాదిరి అయింది. 1929 నుంచి సేన్ నదిలోని సెగ్వెన్ దీవి మీద సొంత విద్యుత్ కేంద్రంతో సహా కొత్త కర్మాగారం నడిచింది. 1938 సమ్మె తర్వాత పెద్ద సంఖ్యలో కార్మికుల్ని తీసేశారు. వారు దాన్ని మరిచిపోలేదు.

1940లో జర్మన్లు పారిస్ పట్టుకున్నారు. రెనో కర్మాగారం వారి పర్యవేక్షణలోకి వెళ్లి వేల లారీలు వారి సైన్యానికి చేసి ఇచ్చింది. 1942 మార్చి 3 రాత్రి బ్రిటిష్ విమానాలు బిల్లాంకూర్ మీద బాంబులు వేస్తే చుట్టుపక్కల ఇళ్లలోని జనం వందల సంఖ్యలో చనిపోయారు. లూయీ శిథిలాలు తీయించి కర్మాగారాన్ని మళ్లీ నడిపించాడు. యంత్రాలనూ, కార్మికుల్నీ జర్మనీకి తరలించుకు పోకుండా కాపాడడానికే అలా చేశాడని ఆయన పక్షం వారి వాదన. శత్రువు లారీ శత్రువు లారీయే అని ఎదుటివారి వాదన. నా మట్టుకు రెండోదే బలంగా కనిపిస్తుంది గాని, కాగితాలన్నీ ముందు పెట్టుకుని తేల్చవలసినది న్యాయస్థానం. ఆ అవకాశం రాలేదు. అప్పటికి ఆయనకు మాట దాదాపు పడిపోయింది.

పారిస్ విముక్తి అయ్యాక 1944 సెప్టెంబరు 23న ఆయనను అరెస్టు చేసి ఫ్రెన్ జైల్లో పెట్టారు. నెల తిరిగేసరికి ఆరోగ్యం చెడి ఆస్పత్రికి తరలించారు. అక్టోబరు 24న, 67వ ఏట, చనిపోయాడు. జైల్లో కొట్టారని భార్య ఆరోపించింది. 1945 జనవరి 16న ప్రభుత్వం ఉత్తర్వుతో కంపెనీని జాతీయం చేసింది. ఆయన వాటాకు పరిహారం లేదు. మనవలు 2011లో కోర్టుకు వెళితే, ఇది తమ పరిధిలోది కాదని మరుసటి ఏడు కోర్టు చెప్పింది.

1992 మార్చిలో సెగ్వెన్ దీవి కర్మాగారంలో చివరి కారు తయారైంది. తర్వాత ఆ భవనాలు కూల్చి, 2017లో దీవి మీద పెద్ద సంగీత మందిరం తెరిచారు. తోట చివరి పాకను మాత్రం బిల్లాంకూర్‌లో ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. డైరెక్ట్ డ్రైవ్‌ను ఫ్రెంచి భాషలో నేటికీ 'సూటి పట్టు' అనే అర్థమిచ్చే మాటతోనే పిలుస్తారు.